లాకర్లో దొరికిన లెక్క

నేను మొట్టమొదట పెట్టిన సమాచార హక్కు దరఖాస్తు ఇప్పుడు తీసి చూస్తే నాకే నవ్వొస్తుంది. "వాడేసిన అణు ఇంధనం పునఃశుద్ధి విధానానికి సంబంధించి మీ దగ్గరున్న పత్రాలన్నీ ఇవ్వగలరు" అని రాశాను. అన్నీనట! అదొక విదేశీ ప్రభుత్వ కార్యాలయం, ఏదో చెప్పను. ఈమెయిల్ పంపితే చాలు, ప్రపంచంలో ఎక్కడివాళ్లయినా అడగొచ్చు, ఫీజు లేదు, ఇంకేం కావాలి అనుకుని రాత్రి పదకొండింటికి పంపేసి ఏదో ఘనకార్యం చేసినవాడిలా పడుకున్నాను. సరిగ్గా ఇరవయ్యో పనిదినం సాయంత్రం జవాబొచ్చింది. మీరడిగినవి వెతకడానికే చట్టం పెట్టిన గంటల పరిమితి దాటిపోతుంది, కాబట్టి ఇవ్వలేం, ప్రశ్న తగ్గించుకుని మళ్లీ రండి అని. చాలా మర్యాదగా రాశారు, పైగా తప్పు పూర్తిగా నాదే.

ఆ తర్వాత మూడు నాలుగేళ్లుగా ఇదే నాకు పిచ్చి. దరఖాస్తులు పెట్టడం, తిరస్కరణలు దాచుకోవడం, వేరేవాళ్లు అడిగి తెప్పించుకున్న పత్రాలు చదవడం. రహస్యం అనగానే మనం బాంబు గురించి అనుకుంటాం కదా, ఈ వ్యవహారంలో ఎక్కువసార్లు దాచింది డబ్బు లెక్క.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రియాక్టర్‌లో మండి బయటికొచ్చిన ఇంధనంలో దాదాపు 95 శాతం యురేనియమే ఉంటుంది, ఒక శాతం ప్లూటోనియం, మిగతాది మహా వేడిగా, భయంకరమైన రేడియోధార్మికతతో ఉండే చెత్త. ఆ కడ్డీలను ముక్కలుగా కోసి, నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, కిరోసిన్ లాంటి ద్రావకంతో యురేనియాన్నీ ప్లూటోనియాన్నీ వేరుచేయడమే పునఃశుద్ధి. బాంబులకు ప్లూటోనియం కావాలని పుట్టిన పని ఇది. దాని కెమిస్ట్రీలో పెద్ద రహస్యమేమీ మిగల్లేదు, 1955లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలోనే బయటపెట్టేశారు. తర్వాత కొన్నాళ్లకు కథ మారింది. యురేనియం అయిపోతుంది, ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్లు (వాడినదానికంటే ఎక్కువ ఇంధనం పుట్టించేవి) వస్తాయి, వాటికి ప్లూటోనియం కావాలి, అందుకే ఇప్పటినుంచే వేరుచేసి పెట్టుకోవాలి అన్నారు. యురేనియం అయిపోలేదు. బ్రీడర్లు అన్న టైముకి రాలేదు. ప్లాంట్లు మాత్రం కట్టేశారు.

సమాచార హక్కుతో తవ్వడానికి ఇంతకంటే మంచి విషయం దొరకదంటాను. ఎందుకంటే ఈ విధానమంతా పాత మాటల మీద నిలబడి ఉంది, ప్రతి మాటకీ ఒక అంకె కట్టి ఉంది: ఏడాదికి ఇన్ని టన్నులు చేస్తాం, ఇంత ఖర్చవుతుంది, ఫలానా ఏడాదికి పూర్తవుతుంది. మాట ఇచ్చినప్పటి అంకె ఒకచోట, జరిగిన అంకె ఇంకోచోట ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టడమే మన పని.

జపాన్ సంగతి చూడండి. 2004 మార్చిలో అక్కడి పార్లమెంటులో ప్రతిపక్ష సభ్యురాలు ఫుకుషిమా మిజుహో ఒక సూటి ప్రశ్న అడిగారు. వాడేసిన ఇంధనాన్ని పునఃశుద్ధి చేయకుండా నేరుగా భూమిలో పాతిపెడితే ఎంతవుతుందో లెక్క కట్టారా అని. అలాంటి లెక్క మన దేశంలో లేదని పరిశ్రమల మంత్రిత్వ శాఖ అధికారి చెప్పాడు. నాలుగు నెలలు తిరక్కుండా జులైలో ఆ లెక్క దొరికింది! అదే మంత్రిత్వ శాఖ 1994లోనే కట్టించిన లెక్క, ఆఫీసులో ఒక లాకర్లో ఉంది. పునఃశుద్ధికి నేరుగా పాతిపెట్టడం కంటే దాదాపు రెట్టింపు అవుతుందని అందులో ఉంది. అది కట్టేనాటికి రొక్కషో అనే చోట పునఃశుద్ధి ప్లాంటు పనులు మొదలై ఏడాదే, అప్పటికింకా ఆలోచించుకోవడానికి టైముంది. పదేళ్లపాటు ఆ కాగితం లాకర్లో, కాంక్రీటు మాత్రం రొక్కషోలో.

నన్ను కుదిపేసింది దాచడం కాదు, దాచడం అన్ని ఆఫీసుల్లోనూ ఉన్నదే. జపాన్‌లో సమాచార చట్టం 2001 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అంటే మూడేళ్లకు పైగా ఎవరు అడిగినా ఇవ్వాల్సిన కాగితమే. కానీ "మా దగ్గర లేదు" అన్నాక చట్టం ఏం చేస్తుంది? అందుకే "లేదు" అనే జవాబుకి నేను ఎప్పుడూ రెండో ఉత్తరం రాస్తాను: ఎక్కడెక్కడ వెతికారు, ఏ పదాలతో వెతికారు, పాత ఫైళ్లను ధ్వంసం చేసి ఉంటే ఏ తేదీన, ఎవరి అనుమతితో? ఈ రెండో ఉత్తరానికే ఒక్కోసారి అసలు పత్రం కదులుతుంది.

లెక్క బయటపడ్డాక ఏమైందనేది ఇంకా రుచిగా ఉంటుంది. ఆ ఏడాదే అణుశక్తి కమిషన్ కొత్తగా లెక్క కట్టింది. యూనిట్ కరెంటుకి పునఃశుద్ధి మార్గంలో 1.6 యెన్‌లు, నేరుగా పాతిపెడితే 0.9 నుంచి 1.1. సరే, ఇక మానేస్తారేమో అనుకుంటాం. మానలేదు. విధానం మార్చుకుంటే అయ్యే ఖర్చు అని ఇంకో పద్దు తెచ్చి రెండో పక్క కలిపారు. పునఃశుద్ధి వద్దంటే స్థానిక ప్రభుత్వాలు వాడేసిన ఇంధనాన్ని తీసుకోవు, రియాక్టర్ల పక్కన దాన్ని నిల్వచేసే నీటి తొట్లు నిండిపోతాయి, రియాక్టర్లు ఆపాలి, వాటి బదులు వేరే కరెంటు కొనాలి, ఆ ఖర్చంతా. అది కలిపేసరికి పునఃశుద్ధే చవకగా తేలింది. లెక్క తప్పని నేననను, కానీ ఆ పద్దు ఒక్కటి చదివితే ప్లాంటు ఎందుకు కడుతున్నారో అర్థమైపోతుంది: ఇంధనం పెట్టడానికి ఇంకెక్కడా చోటు లేక. రొక్కషో 1997కల్లా పూర్తి కావాల్సింది. పాతికసార్లకు పైగా వాయిదా పడింది, 2024 ఆగస్టులో ఇంకోసారి వెనక్కి జరిపి 2026 ఆర్థిక సంవత్సరం అన్నారు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కథ. ఇష్టం అనకూడదేమో, ప్రమాదం అది. ఇంగ్లండ్‌లో సెల్లాఫీల్డ్ అనే అణు కేంద్రం, అందులో థార్ప్ అనే ప్లాంటు, 1994లో మొదలైంది. విదేశీ ఇంధనం కూడా తెచ్చి పునఃశుద్ధి చేసి డబ్బు సంపాదించాలని కట్టినది. అక్కడ ఒక గది ఉంటుంది. మందపాటి కాంక్రీటు గోడలు, లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ నేల, మనిషి అడుగు పెట్టలేనంత రేడియేషన్. అందులో కరిగించిన ఇంధనాన్ని తూచే ట్యాంకు. తూకం కచ్చితంగా రావాలి కాబట్టి ట్యాంకును కడ్డీలకు వేలాడదీశారు. లోపలి ద్రవాన్ని కలియబెట్టినప్పుడల్లా ట్యాంకు కొద్దికొద్దిగా ఊగేది, దాంతో దానికి అతికిన గొట్టం అలసి అలసి ఓ రోజు పుటుక్కున తెగింది. మొత్తం 83 ఘనపు మీటర్ల ద్రవం నేల మీద చేరింది. అందులో దాదాపు 22 టన్నుల యురేనియం, 160 కిలోల ప్లూటోనియం. ఎనిమిది కిలోలుంటే ఒక బాంబుకు సరిపోవచ్చని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ లెక్క, మీరే భాగించుకోండి.

కారడం 2004 జులై ప్రాంతంలోనే మొదలై ఉండొచ్చని తర్వాత విచారణలో తేలింది. పట్టుకున్నది 2005 ఏప్రిల్‌లో. మధ్యలో నేల గుంటలోంచి తీసిన నమూనాల్లో యురేనియం కనపడింది, ఎవరూ పట్టించుకోలేదు. ఇది కొత్త ప్లాంటు, ఇందులో లీకులేంటి అన్న ధీమా. చివరికి అనుమానం ఎవరికొచ్చిందో తెలుసా, లెక్కలవాళ్లకి. లోపలికి వెళ్లిన పదార్థానికీ, ముందుకు చేరిన పదార్థానికీ పొంతన కుదరడం లేదని వాళ్లంటే, అప్పుడు గదిలోకి కెమెరా దించి చూశారు. తెగిన గొట్టం కనపడింది. బయటికి ఏమీ పోలేదు, ఎవరికీ ఏమీ కాలేదు, కంపెనీకి 2006లో కోర్టు 5 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ప్లాంటు మూతపడింది 2018 నవంబరులో.

నెలల తరబడి నమూనాలు చెప్పినా వినని విషయం ఒక తీసివేత లెక్క చెప్పింది. అది చదివాక నా దరఖాస్తుల తీరే మారిపోయింది. విధానం గురించి అడగడం మానేశాను. విధానం అనే పదం వాడామంటే మనమే వాళ్లకి మినహాయింపు అందించినట్టు. బ్రిటన్ చట్టంలో 35వ సెక్షన్ ఉంది, విధాన రూపకల్పనకు సంబంధించిన సమాచారం ఇవ్వక్కర్లేదని. అమెరికా చట్టంలో ఐదో మినహాయింపు కూడా ఇంచుమించు అదే పని చేస్తుంది. అదే, జరిగిపోయిన పని తాలూకు కొలత అడిగితే దాన్ని రూపకల్పన అనడం కష్టం.

ఇప్పుడు ఇలా రాస్తాను: "ఫలానా ప్లాంటులో ఫలానా పదేళ్లకు, ఏడాది వారీగా, కోసిన ఇంధనం ఎన్ని టన్నులు, ప్లాంటు ఆగిన రోజులెన్ని, ఏడాది మొదట్లో పెట్టుకున్న లక్ష్యం ఎన్ని టన్నులు. పట్టిక రూపంలో ఉంటే అలాగే ఇవ్వండి, కొత్తగా తయారుచేయనక్కర్లేదు. ఏదైనా ఒక గడి ఇవ్వలేకపోతే ఆ గడి మాత్రం తీసేసి మిగతావి ఇవ్వండి." అంతే. మొదటి దరఖాస్తులో ఆవేశం ఉండేది, దీంట్లో ఏమీ లేదు, కరెంటు బిల్లులా ఉంటుంది. పనిచేసేది ఇదే. ఆ చివరి వాక్యం మరిచిపోవద్దు. దాదాపు ప్రతి చట్టంలోనూ ఇవ్వకూడనిది తీసేసి మిగతాది ఇవ్వాలని ఉంటుంది, గుర్తుచేయకపోతే మొత్తం ఫైలే ఆపేస్తారు.

ఇంకో చిట్కా, బ్రిటన్‌కి రాసేవాళ్లకి. అక్కడ సమాచార స్వేచ్ఛ చట్టం 2005 జనవరి 1న అమల్లోకొచ్చింది, అదే రోజు పర్యావరణ సమాచార నిబంధనలు కూడా వచ్చాయి. చాలామంది మొదటిదాని కిందే అడుగుతారు. రెండోది మనకు బలం. ఇవ్వడమే మేలన్న భావనతో మొదలుపెట్టాలని అందులోనే రాసి ఉంది, పైగా సముద్రంలోకో గాలిలోకో వదిలినవాటి వివరాలకైతే వ్యాపార రహస్యం అనే సాకు చెల్లదు. ఆమ్లం, వ్యర్థ ద్రవాలు, పొగగొట్టం, ఇవన్నీ ఉన్న పరిశ్రమకు ఇది చాలాసార్లు సరిగ్గా అతుకుతుంది. ఏ చట్టం కింద అడుగుతున్నారో మీరు చెప్పకపోయినా వాళ్లే చూసుకోవాలి, కానీ ఒక లైను రాస్తే పోయేదేముంది.

నల్లరంగు పూసిన కాగితాల గురించి చెప్పాలి. ఓసారి నాకొక పట్టిక వచ్చింది, పదేళ్ల గడుల్లో ఒక్కటే నలుపు. కింద మొత్తం మాత్రం వదిలేశారు! కాలిక్యులేటర్ తీసి మొత్తంలోంచి తొమ్మిదీ తీసేస్తే నల్ల గడి తెల్లబడింది. చేతులు వణికాయంటే నమ్మండి, అంత టెన్షన్. ఏదో బయటపెట్టేశాననుకుని రెండు రోజులు నిద్ర లేదు. మూడో రోజు అదే సంస్థ పాత వార్షిక నివేదిక తిరగేస్తుంటే 30వ పేజీలో ఆ అంకె ఉంది, ఏళ్ల క్రితమే అచ్చేసి అమ్మిన పుస్తకంలో. దాచినవాళ్లకి అది ఇప్పటికే బయట ఉందని తెలియదు, అడిగిన నాకూ తెలియదు. అప్పటినుంచి దరఖాస్తుకి ముందు ఓ వారం పాత నివేదికలు చదువుతాను. సగం ప్రశ్నలకు అక్కడే జవాబు దొరుకుతుంది, మిగతా సగం ప్రశ్నలు అక్కడే పుడతాయి.

ఇలా పుట్టే ప్రశ్నలకు మంచి ఉదాహరణ "లెక్క తేలని పదార్థం" అనే పద్దు. ప్రతి పునఃశుద్ధి ప్లాంటుకీ ఉంటుంది. జపాన్‌లోని తోకాయ్ ప్లాంటు పాతికేళ్లు నడిచాక, 206 కిలోల ప్లూటోనియానికి లెక్క కుదరడం లేదని 2003 జనవరిలో చెప్పారు, మళ్లీ లెక్కించి కొన్ని నెలలకే 59 కిలోలన్నారు. ఎవరో ఎత్తుకెళ్లారని కాదు. గొట్టాల లోపల అంటుకున్నది కొంత, చెత్తతో పోయింది కొంత, రియాక్టర్‌లో ఎంత పుట్టి ఉంటుందని వేసిన అంచనాలోనే తేడా ఇంకొంత. ఆ తేడా ఎంత పెద్దదన్నదే విషయం, ఎందుకంటే ప్లాంటు పెద్దదయ్యేకొద్దీ ఒక శాతం పొరపాటు కూడా బాంబుల లెక్కలోకి వెళ్తుంది. అమెరికా 1996లో తన ప్లూటోనియం యాభై ఏళ్ల చరిత్రంతా ఒక నివేదికగా అచ్చేసింది. మొత్తం వచ్చింది 111.4 టన్నులు, చేతిలో ఉన్నది 99.5. మధ్యలో పోయినవాటిలో 2.8 టన్నులకు పెట్టిన పేరు నిల్వలో తేడా. టన్నులండీ! అయినా అచ్చేశారు, ప్రపంచం మునిగిపోలేదు. రహస్యం అంటూ ఎవరైనా తలుపేస్తే నేను ఈ నివేదికనే ఎదురుగా పెడతాను.

అదే అమెరికా రియాక్టర్ ప్లూటోనియంతో 1962లో ఒక బాంబు పేల్చి చూసింది, ఆ సంగతి లోకానికి చెప్పింది 1977లో. ఎందుకు అప్పుడే? ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ప్రెసిడెంట్ కార్టర్ దేశంలో పునఃశుద్ధిని నిరవధికంగా ఆపేశాడు, కరెంటు రియాక్టర్ల ప్లూటోనియం ప్రమాదమేనని మిగతా దేశాలను ఒప్పించాల్సి వచ్చింది. పదిహేనేళ్లు భద్రత పేరుతో దాచింది అవసరం రాగానే భద్రత పేరుతోనే చెప్పారు. నాకు ఇందులో తప్పేమీ కనపడదు, చెప్పడం మంచిదే. కాకపోతే రహస్యం ముద్ర ఎప్పుడు తీయాలో కూడా విధానమే తేలుస్తుందని గుర్తుపెట్టుకుంటే తిరస్కరణ లేఖలు చదివేటప్పుడు బీపీ పెరగదు.

మన దేశంలో సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుంచి ఉంది, 30 రోజుల్లో జవాబివ్వాలి, పౌరులు మాత్రమే అడగగలరు. అణు విషయాల్లో 8(1)(ఎ) సెక్షన్ అడ్డొస్తుంది, దేశ వ్యూహాత్మక, శాస్త్రీయ, ఆర్థిక ప్రయోజనాలు అన్న మాటలు అందులోనే ఉన్నాయి, వాటి కిందికి దేన్నయినా తోసేయొచ్చు. అయినా 8(2) ఉంది, ప్రజా ప్రయోజనం బరువైతే ఇవ్వొచ్చని. పదో సెక్షన్ ఉంది, ఇవ్వకూడని భాగం తీసి మిగతాది ఇవ్వమని. 2012 ఏప్రిల్‌లో కూడంకుళం రియాక్టర్ల భద్రతా విశ్లేషణ నివేదిక గురించి కేంద్ర సమాచార కమిషన్ ఇచ్చిన ఆదేశం దాదాపు ఇదే దారి: డిజైన్ వివరాలు తీసేసి మిగతాది బయటపెట్టండి అంది. పునఃశుద్ధి ఇంకా కష్టం. తొమ్మిది దేశాలు తమ పౌర ప్లూటోనియం నిల్వలు ఏటా ప్రకటిస్తామని 1990ల చివర్లో ఒప్పుకున్నాయి, అందులో మనం లేము. ఉన్న చైనా కూడా 2016 నాటి లెక్క తర్వాత ఇవ్వడం మానేసింది.

ప్రకటించే దేశాలవైనా కళ్లు మూసుకుని నమ్మక్కర్లేదు. జపాన్ 2012, 2013 లెక్కల్లో 640 కిలోలు కనపడలేదు. 2014లో ఈ సంగతి బయటికొచ్చినప్పుడు అధికారులు చెప్పిన కారణం, అది గెంకాయ్ రియాక్టర్‌లోకి ఎక్కించేసిన ఇంధనంలో ఉంది కాబట్టి వాడకంలో ఉన్నట్టే లెక్క అని. రియాక్టరేమో ఆగిపోయి ఉంది. ముందు ఏడాది పట్టిక పక్కన పెట్టుకుని చూస్తే ఎవరికైనా తట్టే తేడా.

కొన్ని నేను అడగను. ప్లూటోనియం లారీ ఏ దారిన వెళ్తుంది, గిడ్డంగికి ఎంతమంది కాపలా, ఇలాంటివి. ఇవ్వకపోవడమే న్యాయం, పైగా అలాంటిది ఒక్కటి కలిపి అడిగితే మిగతా పది ప్రశ్నలూ దాంతోపాటే మునుగుతాయి. ఉందనీ చెప్పం, లేదనీ చెప్పం అనే జవాబొకటి ఉంటుంది, అమెరికాలో దాన్ని గ్లోమార్ అంటారు, 1970ల్లో సీఐఏ ఒక ఓడ గురించి అలా చెప్పినప్పటినుంచి. నాకది ఇంతవరకు రాలేదు, వస్తే ఫ్రేము కట్టించుకుంటాను.

ప్రస్తుతం నా ప్రశ్న ఒకటి నడుస్తోంది. బ్రిటన్ దగ్గర దాదాపు 140 టన్నుల పౌర ప్లూటోనియం ఉంది. అందులో విదేశీ కస్టమర్ల ప్లూటోనియాన్ని కొత్త ఇంధనంగా మార్చడానికి కట్టిన మాక్స్ (ప్లూటోనియం, యురేనియం కలిపి చేసే ఇంధనం) ప్లాంటు ఏడాదికి 120 టన్నుల ఇంధనం చేయాలి, 2001 నుంచి 2011 దాకా పదేళ్లలో చేసింది మొత్తం కలిపి 15 టన్నుల దగ్గరే ఆగింది, దాని మీద పోసింది వంద కోట్ల పౌండ్లకు పైమాటే. దశాబ్దాలుగా ఆస్తి అంటూ వచ్చిన ఆ ప్లూటోనియంలో తన సొంత వాటాను గట్టి పదార్థంగా మార్చి భూమిలో పాతిపెడతామని అక్కడి ప్రభుత్వం 2025 జనవరిలో చెప్పింది. నేనడిగింది ఒక్కటే: పుస్తకాల్లో ఆ నిల్వకు ఏ ఏడాది ఎంత విలువ కట్టారు, ఆ విలువ సున్నా అయింది ఏ ఏడాది. ఇవాళ్టికి పదిహేడో పనిదినం. మామూలుగా ఇరవయ్యో రోజు సాయంత్రం నాలుగు దాటాక వస్తుంది జవాబు, శుక్రవారమైతే ఇంకా ఆలస్యం.